రీలు పోయింది, గాజు మిగిలింది

లెన్సు ముసలిదైతే పనికి రాదా తాతా అని అడిగినవు గదా బిడ్డా, ఇగ విను. అందరు అన్నాలు తిన్నరు, నెగడు మంచిగ అంటుకున్నది, పండుగకు బడి లేదు. దగ్గరికి జరుగుండ్రి. ఇది నడిమిట్ల ఇడిసే ముచ్చట కాదు.

మీకు కెమెరా అంటె చేతుల సెల్లు. మాకు కెమెరా అంటె ఫోటో స్టూడియో. నేను హన్మకొండల స్టూడియోల పనికి కుదిరిన నాడు అక్కడున్నది యాషికా మ్యాట్. ముంగట ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. పై లెన్సుతోని చూసుడు, కింది లెన్సుతోని ఫోటో తీసుడు. మెడల ఏసుకోని పైనుంచి వంగి చూడాలె, బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనపడ్తది. 120 రీలు, రీలుకు 12 ఫోటోలు. పెండ్లి చూపుల ఫోటోకు పిల్లకు పట్టుచీర కట్టించి, పూలు పెట్టి తీసుకొస్తుండ్రి. రెండు దిక్కుల పెద్ద బల్బులు ఏస్తె ఆ పిల్లకు చెమటలు పడుతుండె. అయినా కదలకుండ కూసుంటుండె. ఇంట్ల సొంత కెమెరా ఉన్నదంటె అది షావుకారి ఇల్లు కావాలె, లేకుంటె ఫారిన్‌ల చుట్టమున్న ఇల్లు కావాలె. అది కూడ శానమట్టుకు అగ్ఫా క్లిక్ త్రీ.

రీలంటె పైసలు. ఓర్వో రీలు తూర్పు జర్మనీ నుంచి వస్తుండె. మన సర్కారుది ఇందు రీలు. 1960ల పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కంపెనీ ఊటీల చేస్తుండె. ఓర్వో ఎన్‌పీ 22 అంటె 125 స్పీడు. నీ కెమెరల ఐఎస్‌ఓ అని వేలకు వేలు పోతది చూడు, మేము ఆ 125 తోనే పెండ్లి పందిరంత ఎల్లదీసినం. అందుకే లెన్సు ఎంత వెలుతురును లోపలికి రానిస్తది అన్నదే మాకు పెద్ద ముచ్చట. ఎఫ్ 2.8 లెన్సు కంటె ఎఫ్ 2 లెన్సు రెండంతల వెలుతురు ఇడుస్తది, ఎఫ్ 1.4 అయితె నాలుగంతలు. సాయంత్రం తలంబ్రాలు ఫ్లాషు లేకుండ తియ్యాలంటె ఆ తేడానే దిక్కు.

అయితె యాషికా మ్యాట్ లెన్సు గాని, క్లిక్ త్రీ లెన్సు గాని కెమెరకు అంటుకోనే ఉంటయి, విప్పరాదు. ఇగ నువ్వు అడిగిన లెన్సుల కథ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరతోని మొదలైతది. దాంట్ల లెన్సు ఎనుక ఏటవాలుగ ఒక అద్దం ఉంటది. లెన్సుల నుంచొచ్చిన వెలుతురు ఆ అద్దానికి తాకి పైకి పోయి మన కంటికి చేరుతది. బటన్ నొక్కంగనే అద్దం పైకి లేస్తది, వెలుతురు పోయి రీలు మీద పడ్తది. ఠక్కుమని వినపడేది ఆ అద్దం సప్పుడే. ఈ అద్దాన్ని యాది పెట్టుకో, అసలు కథ దీని చుట్టే తిరుగుతది.

మా ఉస్తాదు మద్రాసు పోయి సెకండ్‌హ్యాండ్‌ల ఒక రష్యా జెనిట్ కెమెరా కొనుక్కొచ్చిండు. దాని మీద ఉన్నదే ఇగో ఈ హీలియోస్ 44-2. 58 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. పట్టి చూడు, ఎంత బరువున్నదో. అంత లోహమే, ప్లాస్టిక్కు లేదు. ముందు పట్టి మీద నంబరు కనపడ్తున్నదా? రష్యా లెన్సులల్ల శాన వాటికి ఆ నంబరుల మొదటి రెండంకెలే తయారైన ఏడు. ఎనుక దిక్కు చూడు, మర ఉన్నది. సీసా మూత తిప్పినట్టు తిప్పి బిగియ్యాలె. ఆ మర అడ్డం కొలత 42 మిల్లీమీటర్లు, ఒక్క చుట్టు తిప్పితె ఒక మిల్లీమీటరు లోపలికి దిగుతది. అందుకే ఎం42 అన్నరు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినంక 1949ల జర్మనీల కాంటాక్స్ ఎస్ అనే కెమెరతోని ఈ మర బయటికొచ్చింది. ప్రాక్టికా వాడింది, జపాన్‌ల పెంటాక్స్ 1957 నుంచి వాడింది, రష్యోళ్లు వాడిండ్రు. ఆ దేశాలకు ఒకదానికొకటి పడకున్నా, వాళ్ల లెన్సులు మాత్రం ఒకరివి ఒకరి కెమెరలకు పడుతుండె. ఇప్పటి కంపెనీలు శానమట్టుకు ఎవలి తాళం వాళ్లు ఏసుకున్నరు. నాకైతె ఆ పాత పద్ధతే పెద్ద మనసున్న పద్ధతి అనిపిస్తది.

ఈ హీలియోస్ కూడ ఉత్తగ పుట్టింది కాదు, దీనికి పెద్ద వంశమున్నది. 1896ల జర్మనీల జైస్ కంపెనీల పౌల్ రుడాల్ఫ్ అనే ఆయన ప్లానార్ అని ఒక లెన్సు గీసిండు. నాలుగు గుంపులల్ల ఆరు గాజులు. గీత మీద అద్భుతమే, గని వాడకంల మసక. ఎందుకంటె గాజుకు గాలి తగిలే ప్రతి మొఖం దగ్గర వెలుతురుల నూటికి నాలుగు వంతులు ఎనక్కి తిరిగిపోతది. నాలుగు గుంపులంటె ఎనిమిది మొఖాలు. లెక్క కట్టుకో, నాలుగో వంతుకు మించిన వెలుతురు రీలుకు చేరకుండనే పోతది. పోయింది ఊకుంటదా, లోపలనే కొట్టుకోని ఫోటో అంత తెల్లగ కమ్ముతది. దానికి మందు 1935ల అదే జైస్ కంపెనీల అలెగ్జాండర్ స్మకులా కనుక్కున్నడు. గాజు మీద కంటికి ఆననంత పలుచటి పూత. ఈ మంట ఎలుగుకు లెన్సును ఏటవాలుగ పట్టి చూడు, నీలం రంగో ఊద రంగో మెరుస్తది. అదే ఆ పూత. పూత వచ్చినంకనే ప్లానార్ దారిల చేసిన లెన్సులు లోకమంత పాకినయి. జైస్ వాళ్ల బయోటార్ ఆ దారిదే. యుద్ధం ఒడిసినంక ఆ బయోటార్‌ను చూసే మాస్కో పక్కన క్రాస్నొగోర్స్క్‌ల రష్యోళ్లు ఈ హీలియోస్ చేసిండ్రు. నీ చేతుల ఉన్న బరువుల అంత కథ ఉన్నది బిడ్డా.

నేను సొంతంగ స్టూడియో పెట్టుకున్నంక నికాన్ ఎఫ్‌ఎం2 కొన్న. 1982ల వచ్చిన కెమెరా అది. సెల్లు అయిపోయినా షట్టరు ఆగది, మీటరు ఒక్కటే ఆగుతది. దానికి 105 మిల్లీమీటర్ల ఎఫ్ 2.5 లెన్సు. మనిషి మొఖం తియ్యాలంటె దానికి మించింది నాకు దొరకలె. 1984ల పాకిస్తాన్‌ల ఒక శరణార్థుల శిబిరంల స్టీవ్ మెకర్రీ తీసిన ఆఫ్ఘన్ పిల్ల ఫోటో చూసే ఉంటవు, పచ్చ కండ్ల పిల్ల. 1985 జూన్‌ల నేషనల్ జాగ్రఫిక్ అట్ట మీద వచ్చింది. అది ఎఫ్‌ఎం2 కెమెర మీద 105 ఎఫ్ 2.5 లెన్సుతోనే, కొడాక్రోమ్ రీలు మీద తీసింది. ఇప్పుడు ఆ కొడాక్రోమ్ చేసేటోళ్లు లేరు, 2009ల బందు పెట్టిండ్రు. కడిగేటోళ్లు లేరు, అమెరికాల ఆఖరు ల్యాబు 2010 డిసెంబరుల ఆపింది. గని 105 లెన్సు నేటికీ ఉన్నది, ఈ రాత్రి నీ కెమెరకు తగిలిస్తె ఈ రాత్రే పని చేస్తది. నేను మీకు చెప్పదల్చుకున్నది ఇదే. రీలు పోయింది, కడిగే మందులు పోయినయి, డార్క్‌రూము పోయింది. గాజు పోలె.

డిజిటల్ వచ్చిన కొత్తల ఈ మాట ఎవ్వలు నమ్మలె. రీలు కెమెరలు వరుసబెట్టి పాత సామాన్ల కింద పోయినయి. హైదరాబాద్‌ల జుమేరాత్ బజార్‌ల, ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల గోనె పట్టల మీద రేడియోలు, గడియారాల నడుమ మంచి మంచి లెన్సులు పడి ఉంటుండె. చూస్తె నా పాణం చివుక్కుమనేది. అటు డిజిటల్ కొన్నోళ్లకు ఇవి పనికొస్తయని తెల్వది, తెలిసినోళ్లకు తగిలిచ్చుడు కష్టం.

ఎందుకు కష్టమంటె, ఆ అద్దం. ప్రతి లెన్సుకు ఎనుక ఇంత దూరంలనే బొమ్మ పడాలె అని ఒక కొలత ఉంటది. ఎం42కు అది 45.46 మిల్లీమీటర్లు. నికాన్‌కు 46.5. క్యానన్ 1987ల తెచ్చిన ఈఎఫ్‌కు 44. డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌ల కూడ అద్దం ఉండె గదా, కాబట్టి ఆ జాగ అట్లనే ఉంచిండ్రు. క్యానన్ కెమెర మీద ఈ హీలియోస్ పెట్టాలంటె నడుమ మిల్లీమీటరున్నర మందం రింగు చాలు, సరిపోతది. అదే నికాన్ మీద పెట్టినవనుకో, రింగు లేకుండనే లెన్సు మిల్లీమీటరు ముందుకు వచ్చి ఉంటది. దగ్గరి మనిషి మంచిగ వస్తడు, దూరమున్న గుట్ట, గుడి శిఖరం ఎంత తిప్పినా మసకనే. ఒక్క మిల్లీమీటరు బిడ్డా, గంత తేడా తెస్తది. రింగుల సన్న గాజు పెట్టి దాన్ని సరిజేసేటోళ్లు ఉన్నరు గని, ఆ నాసి గాజు అసలు గాజు గుణాన్నే చెడగొడ్తది. నేనైతె వద్దంట.

2008ల ప్యానసోనిక్ జి1, 2010ల సోనీ నెక్స్ వచ్చినయి. అద్దం తీసి పారేసిండ్రు. అద్దం పోయినంక ఆ జాగ ఎందుకు? సోనీల లెన్సు పట్టే చోటు నుంచి సెన్సారుకు 18 మిల్లీమీటర్లే. 2018ల వచ్చిన నికాన్ జెడ్‌ల అయితె 16. ఇప్పుడు లెక్క చెయ్యి. 45.46ల నుంచి 18 తీసెయ్యి, 27.46 మిగులుతది. అంత పొడుగు ఉత్త డొల్ల గొట్టం చేసి, ఒక దిక్కు ఎం42 మర, ఒక దిక్కు సోనీ పట్టు పెడితె కథ ఒడిసింది. లోపల గాజు లేదు, తీగ లేదు, చెడిపోనీకి ఏం లేదు. లోకంల ఉన్న ఎస్‌ఎల్‌ఆర్ లెన్సులన్నిటికి ఒక్కసారి తలుపు తెరుసుకున్నట్టయింది. 2013ల సోనీ ఏ7 వచ్చేసరికి సెన్సారు కూడ మన రీలు ఖానా అంత, 36కు 24 మిల్లీమీటర్లు అయింది. నెక్స్ అసొంటి చిన్న సెన్సారు కెమెరలల్ల 50 లెన్సు పెడితె 75 అంత దగ్గరగ చూపిస్తది, అంచులు కోసుకపోతయి. ఈ హీలియోస్ గొప్పతనం అంచులల్లనే ఉన్నది. ఎనుక చెట్టు ఆకులుంటె గుండ్రంగ సుడి తిరిగినట్టొస్తయి. చిన్న సెన్సారు మీద ఆ సుడి సగం పోతది.

ఒక లెన్సును దానిది కాని కెమెరకు పెట్టుడు కొత్త పిచ్చేం కాదు. 1975ల వచ్చిన బారీ లిండన్ సినిమాకు స్టాన్లీ కుబ్రిక్, అంతరిక్ష సంస్థ నాసా కోసం జైస్ చేసిన ఎఫ్ 0.7 లెన్సును తెచ్చి మిచెల్ కెమెరను కోయించి అమర్చుకున్నడు. కొవ్వొత్తి ఎలుగుల మనుషులను తీసిండు. పాత మిచెల్‌కు అంత ఆపరేషన్ చేయించిండు ఆయన. నీకు రింగు ఉంటె చాలు.

తే, నీ కెమెరా తే. ముందుగాల మెనూల పోయి లెన్సు లేకున్నా షట్టరు పడాలె అనేది చాలు చెయ్యి. లెన్సుల కరెంటు లేదు కాబట్టి కెమెర అసలు లెన్సే లేదనుకుంటది. చెయ్యి వణుకు ఆపే ఏర్పాటు దాంట్ల ఉన్నది గదా, దానికి 58 అని మనమే చెప్పాలె, లేకుంటె అది తప్పుడు లెక్క ఏసుకుంటది. ఇగ లెన్సు మీద చూడు, ముంగట రెండు రింగులు. ఒకటి తిప్పితె గడి గడికి ఆగుతది, 2, 2.8, 4 అని. అది ఎంతవరకు ముయ్యాలె అని హద్దు పెట్టేది. రెండోది ఆగకుండ మెత్తగ తిరుగుతది. అది తిప్పితె లోపల ఎనిమిది రేకులు ఆ హద్దు దాక మూసుకుంటయి. ఎందుకట్ల చేసిండ్రంటె, మూసినంక వ్యూఫైండరుల చీకటైతది, ఏం కనపడది. అందుకే పూర తెరిచి ఫోకస్ చేసుకోని, అప్పుడు రెండో రింగు తిప్పి మూసి కొడుతుండిమి. నీ కెమెరల ఆ బాధ లేదు, మూసినా తెర తనంతట తనే ఎలుగు పెంచుకుంటది.

ఇప్పుడు మీ నాయనమ్మ దిక్కు తిప్పు. కదలకు నువ్వు కూడ. ఫోకస్ రింగు నెమ్మదిగ తిప్పు. తెర మీద ఎర్ర గీతలు కదులుతున్నయా? అంచు ఎక్కడ సాఫుగుంటె అక్కడ ఆ గీత ఎలుగుతది. చెవుల మీద ఉన్నది, ముక్కుపోగు మీదికి వచ్చింది, ఇగ కొంచెం ఎనక్కి... కంటి మీద ఆగింది. ఆ గీతను కూడ పూర నమ్మొద్దు, ఎఫ్ 2ల పొర పలుచగుంటది. బటన్ నొక్కి బొమ్మ పెద్దగ చెయ్యి. రెప్ప ఎంటుకలు లెక్కబెట్టొస్తున్నయా? అప్పుడు కొట్టు. చూసినవా, మంట ఎలుగు మొఖం మీద ఎట్ల పడ్డదో, నీడ కాడ కూడ మెత్తగ ఉన్నది. నీ కొత్త లెన్సు ఇంతకంటె సాఫుగ తీస్తది, కాదన. మూల మూలకు గీత తప్పది. గని మొఖాలకు అంత కోత అక్కర లేదని నా అభిప్రాయం.

అన్ని మంచియే అని చెప్తె మోసం చేసినట్టైతది. ఎండకు ఎదురుగ పెడితె ఈ లెన్సులు తెల్లబోతయి, ఇప్పటి పూతల ముంగట ఆ నాటి పూత తక్కువే. పైగ సెన్సారు రీలు కంటె ఎక్కువ మెరుస్తది. దాని మీద పడ్డ వెలుతురు తిరిగి ఎనుక గాజుకు తాకి ఫోటో నడుమ తెల్ల మచ్చ తెస్తది ఒక్కోసారి. ముంగట మంచి హుడ్ పెట్టుకో. అద్దం లేని పాత రేంజ్‌ఫైండర్ కెమెరల వైడ్ లెన్సులు ఉంటయి. వాటి ఎనుక గాజు రీలుకు శాన దగ్గరగ ఉండి, వెలుతురును మూలలకు బాగ ఏటవాలుగ పంపుతది. సెన్సారు మీదున్న గాజు పలక ఆ ఏటవాలును ఒప్పదు, మూలలు చెదిరిపోతయి, రంగు మారుతది. వాటి జోలికి పోవద్దు. 1977 కంటె ముందటి నికాన్ లెన్సులను ఏ నికాన్ డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌కు పడితె దానికి బిగియ్యొద్దు, కొన్నిట్ల ఉండే చిన్న మీట ఇరుగుతది. తెలిసినోళ్లను అడిగి పెట్టాలె.

ఇగ ఈ డబ్బల ఉన్నది పెంటాక్స్ సూపర్ టకుమర్, 50 ఎఫ్ 1.4. తెల్ల కాయితం మీద పెట్టి లోపలికి చూడు, పసుపు పచ్చగ ఉన్నది గదా. ఈ ఏడు గాజుల రకంల ఒక గాజుకు థోరియం కలిపిండ్రు. థోరియం కలిపితె గాజు వెలుతురును బాగ వంచుతది, రంగులను మాత్రం ఎక్కువ విడగొట్టది. అందుకని కలిపిండ్రు. ఏండ్లు గడిస్తె అదే గాజు పసుపెక్కుతది. దాన్ని పారెయ్యనక్కర లేదు, అతినీలలోహిత కిరణాల దీపం కింద కొన్ని రోజులు పెడితె ఆ పసుపు పోతది. ఎండల పెట్టినా పోతది గని ఒక దిక్కు వెండి కాయితం చుట్టాలె. లేకుంటె ఎండను ఒక్కకాడికి చేర్చి బట్టలకు నిప్పంటిస్తది. దాంట్ల రేడియేషన్ ఉన్న మాట నిజమే, శాన కొంచెం. ఫోటో తీసుకుంటె భయం లేదు. ఆ గాజును అరగదియ్యొద్దు, పగలగొట్టొద్దు, గంతే.

మన దేశంల లెన్సుకు అసలు శత్రువు వానకాలం. తోలు సంచిల పెట్టి బీరువల ఏసినమనుకో, లోపల బూజు పడ్తది. సాలెగూడు పోగులు గాజు మీద పాకుతయి. అది ఇడిసే ఆమ్లం పూతను తింటది, గాజును కూడ గీరుతది. తొందరగ కనిపెడితె తుడిస్తె పోతది, ముదిరితె మచ్చ నిలుస్తది. మూత గట్టి డబ్బల సిలికా జెల్ ఏసి పెట్టాలె. నీలం గింజలు గులాబి రంగుకు వస్తె తడి తాగినయని గుర్తు, ఏడి చేస్తె మళ్ల నీలమైతయి. బూజు పట్టినదాన్ని మంచి వాటితోని కలిపి పెట్టొద్దు.

అంగట్ల కొనేటప్పుడు రేకులు పూర తెరిచి, సెల్లు టార్చి ఎనుక నుంచి కొట్టి ముంగటి నుంచి ఏటవాలుగ చూడు. సన్న దుమ్ము ఉంటె పరవాలేదు, ఫోటోల పడది. పోగులు కనపడితె ఒద్దను. తర్వాత రింగు తిప్పి రేకులు మూసి చూడు, నూనె మెరుస్తున్నదా? తెరుచుకునేటప్పుడు బద్ధకిస్తున్నదా? ఫోకస్ రింగు ఒక్క తీరుగ తిరగాలె, నడిమిట్ల పట్టుకోవద్దు. ముందు గాజు మీద చిన్న గీత కంటె ఎనుక గాజు మీది గీత ఎక్కువ చెడ్డది, అది బొమ్మల కనపడ్తది.

మీరు కూడ వినుండ్రి, ఊళ్లకు పోయినంక మీ ఇండ్లల్ల చూడుండ్రి. అటక మీద, సందూకల తాతదో చిన్నాయనదో కెమెరా ఉంటె పాత సామాన్లోనికి ఏసేముందు లెన్సు విప్పొస్తదా రాదా చూడుండ్రి. విప్పొస్తె ముందు పట్టి మీదున్న పేరు సదివి రాసుకోండ్రి, ఎనుక మర ఉన్నదా, తిప్పి పట్టించే గాడి ఉన్నదా చూడుండ్రి. ఆ పేరు, మీ కెమెరా పేరు రెండూ చెప్తె హైదరాబాద్ కోఠిల కెమెరా దుకాణపాయన దానికి తగ్గ రింగు తీసిస్తడు.